సిరా పునరాగమనం

సిరా పునరాగమనం అనగా శరీర భాగాలన్నింటికీ చేరిన రక్తం సిరల ద్వారా తిరిగి గుండె కుడి కర్ణికకు చేరుకోవడం. ఒక నిమిషంలో ఈ విధంగా చేరే రక్తపు పరిమాణాన్ని కూడా ఇదే పేరుతో వ్యవహరిస్తారు. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఇది సుమారు 5 లీటర్లు. గుండెకు రక్తాన్ని నిలవ చేసుకునే గుణం లేదు. వచ్చినదానిని వచ్చినట్లే ముందుకు నెట్టవలసి ఉంటుంది. కనుక కొద్ది క్షణాల తేడాను మినహాయిస్తే, గుండెకు తిరిగి వచ్చే రక్తం, గుండె నుండి బయలుదేరే రక్తం ఎల్లప్పుడూ సమానంగా ఉంటాయి. గుండెను గురించి చెప్పేటప్పుడు ధమనులకు, రక్తపోటుకు ఇచ్చే ప్రాధాన్యం సిరలకు సాధారణంగా ఇవ్వరు. అయితే గుండె ఎంత పని చేయాలన్నది చాలావరకు సిరల నుండి వచ్చే రక్తాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. ఇక్కడి గుంట మగ్గాల నేత, విత్తన పత్తి చేలలోని కూలిపని, వేసవి ఎండలు, తేలుకాట్లు సిరల పనితీరును పరీక్షకు పెట్టే పరిస్థితులే. అందుచేత ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా ఈ ప్రాంతం నుండి తీసుకోబడినవి.

పేరు గురించి

గుండె నుండి రక్తాన్ని తీసుకుపోయే నాళం ధమని, గుండెకు రక్తాన్ని తెచ్చే నాళం సిర. వాడుక తెలుగులో మాత్రం సిరకు ప్రత్యేకమైన మాట లేదు. "నరం" అనే ఒకే మాటను మెదడు నుండి వచ్చే నాడికి, చేతిపై తేలి కనిపించే సిరకు కూడా వాడతారు. సూది వేసేటప్పుడు "నరం దొరకలేదు" అన్నా, పిక్కల మీద "నరాలు తేలాయి" అన్నా అక్కడ ఉద్దేశించినది సిరనే. ఈ కారణంగా ఉబ్బిన సిరలను నరాల జబ్బుగా భావించి, నరాల బలానికని మాత్రలు వాడేవారు ఉన్నారు. ఆ మాత్రల వలన సిరలకు ఒనగూడే ప్రయోజనం ఏమీ లేదు.

సిరలలో చెడు రక్తం, ధమనులలో మంచి రక్తం ప్రవహిస్తాయని పాఠశాలలో నేర్పే మాట కూడా పూర్తిగా సరి కాదు. ఊపిరితిత్తుల నుండి ఎడమ కర్ణికకు వచ్చే పుపుస సిరలలో ఆమ్లజని నిండిన రక్తమే ఉంటుంది. కుడి జఠరిక నుండి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిలో ఆమ్లజని తక్కువైన రక్తం ఉంటుంది. ప్రవాహపు దిశను బట్టే పేరు. రక్తపు రంగును బట్టి కాదు.

నిర్మాణం

కేశనాళికలు కలిసి సన్నని సిరికలుగా, సిరికలు కలిసి సిరలుగా ఏర్పడతాయి. చివరకు తల, చేతుల నుండి వచ్చే రక్తం పూర్వ మహాసిర ద్వారా, కాళ్ళు, పొట్ట నుండి వచ్చే రక్తం పర మహాసిర ద్వారా కుడి కర్ణికను చేరుతుంది. సిర గోడలో కూడా ధమని గోడలో వలె మూడు పొరలే ఉన్నా, మధ్యనున్న కండర పొర పలుచన. అందుచేత ఖాళీగా ఉన్న సిర చప్పబడి పోతుంది. నిండే కొద్దీ, లోపలి పీడనం పెద్దగా పెరగకుండానే గుండ్రంగా సాగుతుంది.

చేతులు, కాళ్ళలోని సిరలలో రక్తాన్ని గుండె వైపు మాత్రమే పోనిచ్చే కవాటాలు కలవు. వీటిని ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయానికి చెందిన ఫాబ్రీషియస్ 1603లో సచిత్రంగా వర్ణించి, చిన్న తలుపులని పిలిచాడు. కాని అవి ఎందుకున్నాయో ఆయన సరిగా గ్రహించలేదు. ఆయన శిష్యుడైన విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథంలో ఆ చిక్కు విడిపోయింది. ముంజేతి పైన కట్టు కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తాన్ని చేతివేళ్ళ వైపు నెట్టబోతే అది కదలదని, భుజం వైపు నెడితే సులభంగా కదులుతుందని హార్వే చూపాడు. గుండె అరగంటలో పంపే రక్తం శరీరంలో ఉన్న మొత్తం రక్తం కంటె ఎక్కువని లెక్క కట్టి, రక్తం పుట్టి ఖర్చయిపోయేది కాదు, తిరుగుతూ ఉండేదని నిరూపించాడు. ఆ విధంగా రక్తప్రసరణ అనే భావన నిలబడడానికి ముఖ్యమైన ఆధారం సిరల నుండే లభించింది.

చెరువుల వంటి సిరలు

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఇందులో మూడింట రెండు వంతులకు దగ్గరగా సిరలలోనే ఉంటుంది. దైహిక ధమనులలో ఉండేది ఏడింట ఒక వంతు మాత్రమే. అందుచేత సిరలను కేవలం కాలువలుగా భావించడం పొరపాటు. అవి నిలవ కూడా చేస్తాయి.

వనపర్తి సంస్థానాధీశుల కాలపు పెద్ద చెరువులకు సప్తసముద్రాలని పేరు. శ్రీరంగాపూర్‌లో రంగనాయక స్వామి ఆలయం పక్కనున్న రంగసముద్రం వాటిలో ఒకటి. వానాకాలంలో నిండి, అవసరమైనప్పుడు తూము ఎత్తితే ఆయకట్టుకు నీరిచ్చే ఈ చెరువులకు, పొట్టలోని సిరలకు పోలిక ఉంది. కాలేయం, ప్లీహం, ప్రేగుల చుట్టూ ఉన్న సిరలలో చాలా రక్తం నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. గాయం వలన రక్తం పోయినా, ఒక్కసారిగా పరుగెత్తవలసి వచ్చినా, సహానుభూత నాడులు ఈ సిరల గోడలను బిగిస్తాయి. ఆ రక్తం గుండె వైపు కదులుతుంది. మనిషి కొంత రక్తం కోల్పోయిన తరువాత కూడా రక్తపోటు కొంతసేపు మామూలుగానే కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. అప్పటికి చెరువు అడుగంటుతూ ఉంటుంది కాని తూము దగ్గర నీరు తగ్గినట్లు కనిపించదు. రక్తపోటు బాగానే ఉన్నదని నిశ్చింతగా ఉండరాదని, నాడి వేగాన్ని, చర్మం చల్లబడడాన్ని, మూత్రం తగ్గడాన్ని గమనించాలని వైద్యులు చెప్పేది ఇందువలననే.

సిరలన్నింటినీ, ధమనులన్నింటినీ నింపి ఉన్న రక్తం వలన, గుండె ఒక్క క్షణం ఆగినా నాళాలలో మిగిలే పీడనం సుమారు 7 మి.మీ. పాదరసం. దీనిని సగటు నింపుడు పీడనం అంటారు. కుడి కర్ణికలో పీడనం సుమారు సున్న. ఈ 7 మి.మీ. తేడాయే నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని గుండెకు తెస్తున్నది. ధమనులలోని 120 మి.మీ.తో పోలిస్తే ఇది చాలా స్వల్పం. ఇంత చిన్న తేడాపై ఆధారపడి ఉన్నందువలననే కొద్దిసేపు ఊపిరి బిగపట్టినా, నిలబడినా, ఎండలో చర్మపు సిరలు వ్యాకోచించినా ప్రవాహం మారిపోతుంది.

గుండె, సిరలు - ఏది దేనిని నడిపిస్తుంది

జర్మనీకి చెందిన ఆటో ఫ్రాంక్ 1895లో కప్ప గుండెపైన, ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1914 ప్రాంతంలో కుక్క గుండెపైన చేసిన ప్రయోగాల వలన ఒక సూత్రం తేలింది. జఠరిక ఎంత ఎక్కువగా నిండితే దాని కండర తంతువులు అంత సాగి, తరువాతి సంకోచం అంత బలంగా ఉంటుంది. దీనిని ఫ్రాంక్-స్టార్లింగ్ సూత్రం అంటారు. మెదడు ఆజ్ఞ లేకుండానే గుండె తనకు వచ్చిన రక్తానికి తగినట్లు తన బలాన్ని సర్దుకుంటుంది. మార్పిడి చేసిన గుండెకు నాడుల సంబంధం తెగిపోయి ఉన్నా, అది పొందినవారు నడవగలగడానికి, మెట్లు ఎక్కగలగడానికి ఈ సూత్రం చాలావరకు కారణం.

అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ గైటన్ 1950లలో ఈ విషయాన్ని మరొక వైపు నుండి చూశాడు. గుండె ఎంత పంపగలదు అనే ప్రశ్నకు ముందు, శరీరం ఎంత తిరిగి ఇవ్వగలదు అని అడగాలని ఆయన వాదన. నింపుడు పీడనం, కుడి కర్ణిక పీడనం, సిరలలోని నిరోధం, ఈ మూడింటిని బట్టి పునరాగమనాన్ని లెక్క కట్టవచ్చునని చూపాడు. ఆయన గీసిన రేఖాపటాలను వైద్య విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. రెండూ ఒకే వలయంలోని భాగాలు కనుక ఒకటి కారణం, మరొకటి ఫలితం అనడం తగదని అభ్యంతరం చెప్పే శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. ఆచరణలో మాత్రం గైటన్ చూపు చాలా ఉపయోగపడుతుంది. పేస్‌మేకర్‌తో గుండె వేగాన్ని మాత్రమే పెంచితే బయటికి పోయే రక్తం పెద్దగా పెరగదు. ఎందుకంటే వచ్చే రక్తం పెరగలేదు. పరుగెత్తేటప్పుడు గుండె నిమిషానికి 15 నుండి 20 లీటర్ల వరకు పంపగలగడానికి కాళ్ళ కండరాలు, శ్వాస, బిగిసిన సిరలు కలిసి అంత రక్తాన్ని వెనక్కు తేవడం కూడా అంతే అవసరం.

ఈ సంగతి నాగర్‌కర్నూల్ జిల్లావారికి తెలిసిన ఒక కట్టడం ద్వారా సులభంగా బోధపడుతుంది. మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో శ్రీశైలం జలాశయపు వెనుక జలాలను మొదట ఎల్లూరు వద్ద, తరువాత జొన్నలబొగుడ వద్ద, ఆపై గుడిపల్లి గట్టు వద్ద మూడు దశలలో ఎత్తిపోస్తారు. మోటార్లు ఎంత శక్తివంతమైనవైనా జలాశయంలో నీటిమట్టం పడిపోతే ఎల్లూరులో ఎత్తేందుకు ఏమీ ఉండదు. మొదటి దశ పంపినంత నీరే రెండవ దశకు దక్కుతుంది. రెండవ దశ మోటార్లు నిలిచిపోతే వాటికి ముందున్న జలాశయం నిండి పొర్లుతుంది. గుండెలో కుడి జఠరిక పంపిన రక్తమే ఊపిరితిత్తుల మీదుగా ఎడమ జఠరికకు చేరుతుంది. ఎడమ వైపు బలహీనపడితే దానికి ముందున్న ఊపిరితిత్తులలో, కుడి వైపు బలహీనపడితే దానికి ముందున్న మహాసిరలలో, కాలేయంలో, కాళ్ళలో రక్తం నిలుస్తుంది. పోలిక ఇంతవరకే. ఎత్తిపోసిన నీరు పొలాలలో ఇంకిపోతుంది, రక్తం మళ్ళీ మొదటికి రావాలి.

నిలబడినప్పుడు

పడుకున్న మనిషి లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుండి ముప్పావు లీటరు రక్తం ఛాతీ నుండి కాళ్ళకు, పొట్ట కింది భాగానికి దిగుతుంది. కదలకుండా నిలబడితే పాదం వద్ద సిరలలో పీడనం సుమారు 90 మి.మీ. పాదరసం వరకు చేరుతుంది. గుండె నుండి పాదం వరకు నిలబడిన రక్తపు స్తంభం బరువు అది. నడవడం మొదలుపెడితే ఇదే పీడనం 30 మి.మీ. లోపునకు పడిపోతుంది.

ఈ తేడాకు కారణం పిక్క కండరాలు. అవి బిగిసినప్పుడు లోపలి సిరలు నొక్కుకొని రక్తం పైకి పోతుంది. వదులైనప్పుడు కవాటాలు మూసుకొని ఆ రక్తం వెనక్కు జారకుండా ఆగుతుంది. అందుచేత పిక్కను రెండవ గుండె అని వర్ణించడం కద్దు. శ్వాస కూడా ఇటువంటి సాయమే చేస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి, పొట్టలో పెరిగి, రక్తం పర మహాసిర గుండా పైకి లాగబడుతుంది. బరువు ఎత్తుతూ గాని, మలవిసర్జనలో ముక్కుతూ గాని ఊపిరి బిగపడితే ఛాతీలో పీడనం పెరిగి పునరాగమనం తగ్గుతుంది. కొందరికి ఆ సమయంలో కళ్ళు తిరగడానికి ఇది కారణం.

గద్వాల చీర నేసే గుంట మగ్గంపై నేతపనివారు నేల మట్టంలో కూర్చుని కాళ్ళను గుంటలోకి దించి తొక్కుడు చెక్కలను తొక్కుతారు. పాదాలు రోజంతా గుండె కంటె చాలా కింద ఉంటాయి. మోకాళ్ళు వంగి ఉంటాయి. అయితే చెక్క తొక్కినప్పుడల్లా పిక్క కొంత పని చేస్తూనే ఉంటుంది. అంచును, చీర నడిమి భాగాన్ని కలిపి నేసేటప్పుడు గాని, పోగులు తెగి అతికేటప్పుడు గాని కాళ్ళు చాలాసేపు కదలకుండా ఉండిపోతాయి. ఆ సమయంలోనే రక్తం నిలుస్తుంది. అప్పుడప్పుడు గుంటలో నుండి లేచి నాలుగడుగులు వేయడం, కనీసం మడమలను ఎత్తి దించడం ఖర్చు లేని ఉపాయాలు.

గద్వాల ప్రాంతం సంకర పత్తి విత్తనాల ఉత్పత్తికి ప్రసిద్ధి. ఇక్కడ పత్తి పూలకు చేతితో పరాగ సంపర్కం చేస్తారు. దీనిని "క్రాసింగ్" అని పిలుస్తారు. చాళ్ళ మధ్య ఒక్కొక్క మొక్క దగ్గర ఆగి ఆగి నిలబడవలసిన పని ఇది. నడకలో పిక్కలకు దక్కే వ్యాయామం దీనిలో దక్కదు. దానికి ఎండ తోడైతే చర్మాన్ని చల్లబరచడానికి సిరలు వ్యాకోచించి మరికొంత రక్తం చర్మంలో ఉండిపోతుంది. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. మూడూ కలిసి గుండెకు చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. మెదడుకు రక్తం చాలక మనిషి సొమ్మసిల్లుతాడు. "చక్కరొచ్చి పడ్డాడు" అని ఈ ప్రాంతంలో చెప్పేది సామాన్యంగా ఇటువంటి స్థితినే.

నల్లమల అడవిలో చెంచులు కొండచరియల నుండి తాళ్ళపై దిగి తేనె తీస్తారు. తాడుపై కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి స్పృహ తప్పవచ్చునని పర్వతారోహకుల అనుభవం వలన తెలిసింది. పాదాలతో బండను తన్నుతూ కదులుతూ ఉన్నంతసేపు పిక్కలు రక్తాన్ని పైకి పంపుతూనే ఉంటాయి.

పడుకోబెట్టడమా, కూర్చోబెట్టడమా

ఎవరైనా కుప్పకూలినప్పుడు చుట్టూ చేరినవారు చేసే మొదటి పని సాధారణంగా అతనిని లేపి కూర్చోబెట్టడం. సొమ్మసిల్లినవారి విషయంలో ఇది హానికరం. పడిపోవడమే అక్కడ శరీరం చేసుకున్న చికిత్స; పడుకోగానే కాళ్ళలోని రక్తం గుండెకు చేరుతుంది. అతనిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళను ఒక అడుగు ఎత్తులో ఉంచితే చాలామందికి ఒకటి రెండు నిమిషాలలో స్పృహ వస్తుంది. పూర్తిగా తెలివి వచ్చేవరకు నోటిలో నీరు పోయరాదు. శ్వాస ఆడకపోతే ఇది సొమ్మ కాదు. ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోను చేయాలి.

ఆయాసంతో, దగ్గుతో, నురగతో ఊపిరాడక కొట్టుకుంటున్న గుండె జబ్బు రోగి విషయం సరిగ్గా దీనికి వ్యతిరేకం. అతని ఊపిరితిత్తులలో అప్పటికే రక్తం నిలిచి, నీరు చేరి ఉంటుంది. పడుకోబెడితే కాళ్ళ నుండి మరింత రక్తం వచ్చి చేరుతుంది. అతనిని కూర్చోబెట్టి, కాళ్ళు మంచం నుండి కిందికి వేలాడదీయాలి. రాత్రి పడుకున్న గంట రెండు గంటలకు ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గర కూర్చునే వృద్ధులలో తరచు జరిగేది ఇదే. పగలంతా కాళ్ళలో వాపుగా ఉన్న నీరు, పడుకున్న తరువాత సిరలలోకి చేరి గుండె వైపు వస్తుంది. ఒకే సూత్రం నుండి రెండు పరస్పర విరుద్ధమైన ప్రథమ చికిత్సలు వచ్చాయి. ఏది ఎవరికో తెలియకపోవడం ప్రాణాంతకం కావచ్చు.

నిండు గర్భిణులలో వెల్లకిలా పడుకున్నప్పుడు గర్భాశయం పర మహాసిరను వెన్నెముకకు అదిమి పునరాగమనాన్ని తగ్గించవచ్చు. అందుచేత వారు సొమ్మసిల్లినప్పుడు ఎడమ వైపుకు తిప్పి పడుకోబెట్టాలి.

సెలైన్, నాలుక కింది మాత్ర

నీరసంగా ఉన్నదని సెలైన్ ఎక్కించుకోవడం తెలుగు పల్లెలలో పాతుకుపోయిన అలవాటు. విరేచనాలు, వాంతులు, రక్తస్రావం, డెంగ్యూ వంటి వాటిలో సిరలు ఖాళీ అయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నేరుగా సిరలలో చేరి నింపుడు పీడనాన్ని పెంచుతుంది. కాని సిరలు నిండుగా ఉన్నవారికి దాని వలన ఒరిగేది లేదు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు, నీరు తప్ప వేరే బలవర్ధకమేదీ ఉండదు. నోటితో తాగగలిగినవారికి ఓఆర్‌ఎస్ పొట్లం ఆ పనినే చేస్తుంది. గుండె గాని, మూత్రపిండాలు గాని బలహీనంగా ఉన్నవారికి అక్కరలేని సీసా ఎక్కిస్తే, ఎడమ జఠరిక మోయలేని రక్తం ఊపిరితిత్తులలో నిలిచి ఆయాసం మొదలవుతుంది. అటువంటివారికి నీరసం కూడా గుండె జబ్బు లక్షణమే అయి ఉండవచ్చు. పాదాలు వాచి, మెడ సిరలు ఉబ్బి, మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేవారు సెలైన్ అడగరాదు. వారికి వైద్యులు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ వంటి మందులు మూత్రం ద్వారా నీటిని తీసివేసి సిరల నిండుదనాన్ని తగ్గిస్తాయి.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర గుండెకు రక్తం తెచ్చే ధమనులను వెడల్పు చేస్తుందని మాత్రమే చాలామంది భావిస్తారు. దాని ముఖ్యమైన పని సిరలను వ్యాకోచింపజేయడం. రక్తం సిరలలో ఆగిపోయి గుండెకు తక్కువ చేరడం వలన గుండె సాగడం, దాని శ్రమ, దానికి కావలసిన ఆమ్లజని తగ్గి నొప్పి ఉపశమిస్తుంది. ఈ కారణంగానే ఆ మాత్రను నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది, కూర్చుని వేసుకోవాలి. రక్తపోటు బాగా తగ్గి ఉన్నవారికి, కుడి జఠరికకు గుండెపోటు వచ్చినవారికి ఈ మాత్ర హాని చేస్తుంది. కుడి జఠరిక దెబ్బతిన్నప్పుడు అది నిండడం పూర్తిగా పునరాగమనంపైనే ఆధారపడి ఉంటుంది కదా.

ఉబ్బు సిరలు

కాళ్ళ సిరలలోని కవాటాలు చెడిపోతే రక్తం కిందికి జారి, చర్మం కింది సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. వంశపారంపర్యం, ఎక్కువసేపు నిలబడే పనులు, గర్భధారణ, స్థూలకాయం దీనికి దోహదం చేస్తాయి. సాయంత్రానికి కాళ్ళ బరువు, చీలమండ వద్ద వాపు, దురద, నల్లబడిన చర్మం క్రమంగా వస్తాయి. చివరకు చీలమండ లోపలి వైపున మానని పుండు పడుతుంది. ఎన్ని పూతమందులు రాసినా ఈ పుండు మానకపోవడానికి కారణం చర్మంలో కాక సిరలో ఉండడమే. కింది నుండి పైకి బిగువు తగ్గుతూ కట్టిన కట్టు లేక మేజోడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచుకోవడం, అవసరమైతే లేజరుతో గాని శస్త్రచికిత్సతో గాని చెడిన సిరను మూసివేయడం చికిత్సలు. కట్టు కట్టే ముందు కాలి ధమనులలో రక్తం బాగా ప్రవహిస్తున్నదో లేదో చూడాలి. మధుమేహం ఉన్నవారిలో, పొగ తాగేవారిలో ఇది మరీ ముఖ్యం. బోదకాలు దీనికి భిన్నమైనది. అక్కడ చెడేది సిర కాదు, శోషరస నాళం.

ఉబ్బు సిర చిట్లితే రక్తం చిమ్ముకొస్తుంది. ఆ కంగారులో తొడ దగ్గర తాడు కట్టడం తప్పు. వదులుగా కట్టిన తాడు ధమనిని ఆపలేదు, సిరను మాత్రం ఆపి రక్తస్రావాన్ని పెంచుతుంది. పడుకుని, కాలు పైకి ఎత్తి, చిట్లిన చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి.

లోతు సిరలలో రక్తం గడ్డకట్టడం మరింత ప్రమాదకరం. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ఎడమ గుండెకు రక్తం అందక ప్రాణం పోవచ్చు. శస్త్రచికిత్స, ప్రసవం, ఎముక విరగడం తరువాతి వారాలు దీనికి అనువైన కాలం. పాలమూరు కూలీల వలస పేరు పొందినదే. ముంబై, పూణే వంటి దూరప్రాంతాలకు బస్సులో గంటల తరబడి కాళ్ళు ముడుచుకు కూర్చునేవారు దారిలో దిగి నడవడం మంచిది. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా ఉంటే అశ్రద్ధ చేయరాదు.

తేలుకాటు

సిరలు గుండెను ఎంతగా ప్రభావితం చేయగలవో చూపే ఉదాహరణ ఎర్ర తేలు కాటు. దక్కను పొడినేలలలో కనిపించే ఈ తేలు విషం సహానుభూత నాడుల చివరల నుండి, అధివృక్క గ్రంథుల నుండి అడ్రినలిన్, నారడ్రినలిన్ విపరీతంగా విడుదలయ్యేట్లు చేస్తుంది. సిరలు బిగుసుకొని వాటిలోని రక్తమంతా గుండె వైపు తోసుకు వస్తుంది. అదే సమయంలో ధమనులు కూడా బిగుసుకొనడం వలన ఎడమ జఠరిక దానిని బయటికి పంపలేదు. గుండె కండరం కూడా దెబ్బతింటుంది. ఫలితంగా ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. చెమటలు, వాంతులు, చల్లబడిన చేతులు, తరువాత ఆయాసం కనిపిస్తాయి. పిల్లలలో ఇది ముఖ్యంగా ప్రమాదకరం.

మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మాత్రను ఈ కాటుకు వాడి మరణాలను బాగా తగ్గించవచ్చునని చూపాడు. ప్రాజోసిన్ సిరలను, ధమనులను రెండింటినీ వదులు చేస్తుంది. అనగా గుండెకు వచ్చే రక్తాన్ని తగ్గించి, పోయే దారిని సులభం చేస్తుంది. మొదట రక్తపోటుకు తయారైన ఈ మందు చవకైనది, నోటితో ఇవ్వదగినది. బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ లభించింది. తరువాతి కాలంలో తేలు విషానికి విరుగుడు సూదిమందు కూడా ప్రాజోసిన్‌తో పాటు వాడుకలోకి వచ్చింది. కాటు పడినవారికి నొప్పి మాత్రమే ఉంటే ప్రమాదం తక్కువ. నొప్పి అంతగా లేకుండా చెమటలు పట్టి, చేతులు చల్లబడుతుంటే మంత్రాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పరీక్షలు, వైద్య సదుపాయం

సిరల నిండుదనాన్ని తెలుసుకోవడానికి పరికరం లేని పరీక్ష మెడను చూడడం. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టినప్పుడు మెడ సిర ఎంత ఎత్తు వరకు ఉబ్బి కనిపిస్తున్నదో దానిని బట్టి కుడి కర్ణికలోని పీడనాన్ని అంచనా కడతారు. జర్మనీ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ 1929లో తన చేతి సిర ద్వారానే ఒక సన్నని గొట్టాన్ని గుండె వరకు పంపుకొని, తీసుకున్న ఎక్స్-రేతో దానిని రుజువు చేశాడు. ఆయనకు, ఆ పద్ధతిని అభివృద్ధి చేసిన ఆంద్రే కూర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్‌లకు 1956లో నోబెల్ బహుమతి లభించింది. కాళ్ళ సిరలకు డాప్లర్ స్కానింగ్, గుండెకు ఎకో పరీక్ష నేడు మామూలు అయ్యాయి.

ఈ మూడు జిల్లాల రోగులు చాలాకాలం పాటు పెద్ద వైద్యానికి మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాదులపై ఆధారపడ్డారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లోను, గద్వాలలో 2024లోను ప్రారంభమయ్యాయి.

ఇవి కూడా చూడండి

గుండె, రక్తప్రసరణ వ్యవస్థ, ధమని, రక్తపోటు, గద్వాల చీర, తేలు.